బెల్ మీద “సి.జి. కాన్, ఎల్క్‌హార్ట్ – వూస్టర్” అని ఉన్న పాత కార్నెట్ ఎప్పటిది, ఈ కాన్ ఎవరు?

న్యూజెర్సీలో గరాజ్ సేల్‌లో కొన్న కార్నెట్ (ట్రంపెట్ లాంటి, కాస్త పొట్టి ఇత్తడి వాయిద్యం) గురించి మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. బెల్ మీద, అంటే శబ్దం బయటికొచ్చే వెడల్పాటి మూతి మీద, “సి.జి. కాన్, ఎల్క్‌హార్ట్ ఇండియానా, వూస్టర్ మాస్” అని చెక్కి ఉంది కదా, అది ఎప్పటిది, ఈ కాన్ నిజంగా కొత్తవి కనిపెట్టిన మనిషేనా అన్నది మొదటిది. ఇంట్లో కీబోర్డుతో కలిపి వాయిస్తే శ్రుతి కలవడం లేదు, చెడిపోయిందా అన్నది రెండోది. పెట్టెలో ఉన్న, పెదవులకి ఆనించుకునే రెండు మౌత్‌పీసుల్లో ఒకదాని అంచు అరిగి గాడి పడింది, పారేయమంటారా అన్నది మూడోది. మూడోదానికి ముందే చెప్పేస్తున్నా, దయచేసి పారేయకండి. ఎందుకో తెలియాలంటే కాన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అది చివర్లో చెప్తాను.

నేను ముప్పై ఏళ్లుగా ఇత్తడి వాయిద్యాలు బాగుచేస్తున్నాను. మొదట సికింద్రాబాద్‌లో బ్యాండుమేళాల వాళ్ల ట్రంపెట్లు, యుఫోనియంలు చూసేవాణ్ణి, తర్వాత షికాగో దగ్గర స్కూలు బ్యాండుల పని. ఎల్క్‌హార్ట్ ఇక్కడికి కారులో రెండు గంటల దూరం. కాన్ వాయిద్యాలు నా బల్ల మీదికి ఎన్ని వచ్చాయో లెక్క పెట్టుకోలేదు కానీ, ఒకటి విప్పిన ప్రతిసారీ లోపలి పని చూసి చెయ్యి కాసేపు ఆగిపోతుంది.

ముందు మీ కార్నెట్ వయసు. రెండు ఊళ్ల పేర్లూ కలిపి ఉన్నాయి కాబట్టి ఇది తేలిక. ఎల్క్‌హార్ట్‌లో ఫ్యాక్టరీ నడుపుతున్న కాన్ 1887లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో ఐజాక్ ఫిస్క్ అనే పేరున్న పనివాడి కార్ఖానా కొన్నాడు. ఫిస్క్ అప్పుడు పని నుంచి తప్పుకుంటున్నాడు. వూస్టర్ శాఖ 1898 దాకా నడిచింది. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఆ పదకొండేళ్లలో చేసింది, అంటే తక్కువలో తక్కువ 125 ఏళ్లు దాటింది. సీరియల్ నంబరు, వేళ్లతో నొక్కే మూడు వాల్వుల్లో రెండోదాని గొట్టం మీద ఉండాలి, ఫొటోలో వెలుగు పడి కనబడలేదు, ఇంకోసారి తీసి పెట్టండి.

ఇక శ్రుతి. కార్నెట్ చెడిపోలేదు. ఆ రోజుల్లో అమెరికా బ్యాండుల్లో రెండు శ్రుతులు నడిచేవి. హై పిచ్ అంటే ‘ఎ’ స్వరం సెకనుకు 452 నుంచి 457 కంపనాల దాకా, లో పిచ్ అంటే ఇప్పటి 440 దగ్గర్లో. మీ కీబోర్డు 440. హై పిచ్‌కి చేసిన కార్నెట్‌ని దాని పక్కన వాయిస్తే కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య తేడాలో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా పైకి ఉంటుంది, చెవికి చాలా ఇబ్బందిగా ఉంటుంది. పెద్ద ట్యూనింగ్ స్లైడుని, అంటే లోపలికీ బయటికీ జరిగే యు ఆకారపు గొట్టాన్ని, ఒక అంగుళం పైన బయటికి లాగి చూడండి. స్లైడుకి రెండు కాళ్లు ఉంటాయి కాబట్టి అంగుళం లాగితే గాలి దారి రెండు అంగుళాలు పెరుగుతుంది, మీకు కావలసింది సుమారుగా అంతే. దాంతోపాటు మూడు వాల్వుల చిన్న స్లైడ్లు కూడా కొంచెం కొంచెం లాగాలి, లేకపోతే ఏ వాల్వూ నొక్కని స్వరాలు కలుస్తాయి, వాల్వు నొక్కిన స్వరాలు మళ్లీ పక్కకి పోతాయి. అప్పట్లో కొన్ని కార్నెట్లకి పెట్టెలోనే రెండు స్లైడ్లు ఇచ్చేవాళ్లు, పొట్టిది హై పిచ్‌కి, పొడుగుది లో పిచ్‌కి. పెట్టెలో అడుగున బట్ట కింద వెతకండి, నాకు అలా రెండుసార్లు దొరికింది.

ఇప్పుడు అసలు విషయం. కాన్ కనిపెట్టిన మనిషేనా అని మీరు అడిగారు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే కథలో ఆయన అన్నీ ఒంటి చేత్తో కనిపెట్టాడు. పాత వాయిద్యాలు విప్పి చూసేవాళ్లకి వేరే సంగతి కనిపిస్తుంది. ఆయన సొంతంగా కనిపెట్టింది చిన్న వస్తువు, అది నిజమైన కనిపెట్టడమే. దాని తర్వాత వచ్చిన పెద్ద పెద్ద వాటిలో చాలావాటి వెనక వేరే చేతులున్నాయి. ఆ చేతుల్ని వెతికి ఒక ఊరికి తీసుకురావడం ఆయన చేసిన పెద్ద పని. నా మట్టుకు అది తక్కువ పనేమీ కాదు, కానీ ఆ చేతుల పేర్లు కూడా మనం చెప్పుకోవాలి.

చార్ల్స్ జెరార్డ్ కాన్ 1844 జనవరి 29న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫెల్ప్స్‌లో పుట్టాడు. ఆరేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు మిషిగన్‌కి, మరుసటి ఏడాది ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌కి వచ్చేశారు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో గానీ కుర్రతనంలోనే కార్నెట్ పట్టాడు. 1861లో అంతర్యుద్ధం మొదలవగానే, పదిహేడేళ్ల వయసులో, ఇంట్లో వద్దంటున్నా సైన్యంలో చేరి 15వ ఇండియానా రెజిమెంట్ బ్యాండులో పడ్డాడు.

అప్పటి సైనిక బ్యాండుల వాయిద్యాలు మీరు చూసి ఉండకపోవచ్చు. బెల్ ముందుకి కాకుండా భుజం మీదుగా వెనక్కి తిరిగి ఉండేది. బ్యాండు ముందు నడుస్తుంది, సైనికులు వెనక వస్తారు, వాళ్లకి వినపడాలి కదా, అందుకని. న్యూయార్క్ బ్యాండ్‌మాస్టర్ ఆలెన్ డాడ్‌వర్త్ కుటుంబం 1838 ప్రాంతంలో ఆ పద్ధతిని తెచ్చిందని చెబుతారు. కాన్ కుర్రతనంలో ఊదింది ఆ తరం వాయిద్యాల మధ్య, తర్వాత ఆయన ఫ్యాక్టరీ పెట్టేనాటికి ఆ తరం మొత్తం వెళ్లిపోతోంది. గుండ్రంగా తిరిగే రోటరీ వాల్వుల ఇ-ఫ్లాట్ శ్రుతి కార్నెట్ల స్థానంలో, పైకీ కిందికీ కదిలే పారిస్ పద్ధతి పిస్టన్ వాల్వుల బి-ఫ్లాట్ శ్రుతి కార్నెట్లు వస్తున్నాయి. పెరినే అనే పారిస్ పనివాడు 1839లో చేసిన ఆ పిస్టనే ఇవాళ మీ కార్నెట్‌లోనూ ఉంది, మన బ్యాండుమేళాల ట్రంపెట్లలోనూ ఉంది. సరిగ్గా ఆ మార్పు జరిగే సమయానికి కాన్ రంగంలోకి దిగాడు, ఇది గుర్తుపెట్టుకోండి.

1862లో ఖర్చు ఎక్కువవుతోందని రెజిమెంట్ బ్యాండులను ప్రభుత్వం తీసేసింది. కాన్ కూడా ఆ ఏడాదే ఇంటికి వచ్చాడు, మళ్లీ వెళ్లి ఈసారి తుపాకీ పట్టుకుని 1వ మిషిగన్ షార్ప్‌షూటర్స్‌లో చేరాడు. ఇరవై ఏళ్లు నిండకుండానే కెప్టెన్ అయ్యాడు. 1864 జూలై 30న వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ దగ్గర, ఉత్తర సైన్యం శత్రువుల కందకాల కింద సొరంగం తవ్వి మందు పేల్చిన ఆ దారుణమైన రోజున, గాయపడి దక్షిణ సైన్యానికి ఖైదీగా చిక్కాడు. రెండుసార్లు పారిపోవాలని చూసి రెండుసార్లూ దొరికిపోయాడు. యుద్ధం అయ్యేదాకా ఖైదులోనే ఉన్నాడు, 1865 జూలైలో విడుదల పత్రం తీసుకుని ఎల్క్‌హార్ట్ చేరాడు.

తిరిగొచ్చి పెట్టింది కిరాణా కొట్టు, బేకరీ. పక్కన ఇంకో రెండు చిల్లర పనులు కూడా, ఒకటి వెండి చెంచాలకి, పళ్లేలకి మళ్లీ పూత పోయడం, రెండోది రబ్బరు స్టాంపులు చేయడం. సాయంత్రాలు ఊరి బ్యాండులో కార్నెట్. ఈ స్టాంపుల పనీ, కార్నెటూ కలిసి ఆయన జీవితాన్ని ఎలా తిప్పాయో చూడండి.

ఏదో గొడవలో ఆయన పైపెదవి చీలింది. ఎలా చీలిందన్నదానికి మూడు కథలున్నాయి, ఎక్కువమంది చెప్పేది సారా కొట్టు బయట తాగి ఉన్నప్పుడు ఊరివాడొకడు మూతి మీద కొట్టాడని. ఏదైతేనేం, పెదవి మానింది కానీ కార్నెట్ పెడితే ప్రాణం పోయేంత నొప్పి. ఇత్తడి వాయిద్యం వాయించనివాళ్లకి ఇది అర్థం కావాలంటే నాదస్వరంలో శీవాళిని గుర్తుతెచ్చుకోండి. నాదస్వరంలో శీవాళి అదిరితే శబ్దం పుడుతుంది. కార్నెట్‌లో శీవాళి ఉండదు, వాయించేవాడి పెదవులే శీవాళి. మౌత్‌పీస్ అంచు ఆ పెదవుల్ని పట్టుకుని ఉంచుతుంది, పై స్థాయికి పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. చీలి మానిన చోట లోహపు అంచు నొక్కితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. విద్వాంసుడికి చెయ్యి విరిగినట్టే.

చేతిలో స్టాంపుల రబ్బరు ఉంది, దాన్ని కోసి మౌత్‌పీస్ అంచు మీద అంటించాడు. పెదవికి తగ్గట్టు మెత్తగా ఒదిగింది, వాయించగలిగాడు. తోటి బ్యాండువాళ్లకి చూపిస్తే మాకూ చేసిపెట్టమన్నారు. అక్కడ ఒక చిక్కు వచ్చింది. నున్నటి లోహం మీద రబ్బరు అంటించి ఊదుతుంటే, ఉమ్మి తడికి, వేడికి ఊడిపోతుంది. అందుకని అంచులోనే చుట్టూ గాడి తియ్యాలి, రబ్బరు ఆ గాడిలో కూర్చోవాలి. గాడి తియ్యాలంటే లేత్, అంటే లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం కావాలి, కొనడానికి డబ్బు లేదు. 1874లో పారేసిన ఒక కుట్టుమిషను చట్రం తెచ్చి, దాన్నే మార్చి చిన్న లేత్‌లా వాడుకున్నాడు. ఇవాళ ఎల్క్‌హార్ట్ అంటే ప్రపంచమంతా బ్యాండు వాయిద్యాల ఊరు అంటుందే, దానికి మొదలు ఆ కుట్టుమిషను. 1875లో ఆ రబ్బరు అంచు మౌత్‌పీస్‌కి పేటెంట్ వచ్చింది. పెదవులకి తగిలే చోట సాగే గుణమున్న అంచు ఉండాలి, అలసట, గాయం రాకుండా చూడాలి, దాని సారాంశం అదే.

వాయించే మనిషిగా నా అభిప్రాయం చెప్తాను. రబ్బరు అంచు పెదవికి హాయి, నిజమే. కానీ గట్టి అంచు మీద స్వరం పట్టుకున్నంత కచ్చితంగా మెత్తటి అంచు మీద పట్టుకోలేం, పెదవి కొంచెం జారుతుంది. పైగా రబ్బరు అరుగుతుంది, మార్చుకోవాలి. అందుకే అది ఎక్కువకాలం నిలబడలేదు. అయినా సొంత నొప్పిలోంచి, చేతిలో ఉన్న సామానుతో చేసుకున్న మందు అది. ఆయన్ని ఇన్వెంటర్ అని అనాలంటే ఆ ఒక్క వస్తువు నాకు చాలు.

తర్వాతి అడుగులో రెండో మనిషి వస్తాడు. యూజీన్ డ్యూపాన్, ఫ్రెంచివాడు, లండన్‌లో హెన్రీ డిస్టిన్ దగ్గర పనిచేసి వచ్చిన అసలైన ఇత్తడి పనివాడు. 1876 జనవరిలో ఇద్దరూ కలిసి కాన్ అండ్ డ్యూపాన్ అని పెట్టారు. వాళ్ల మొదటి వాయిద్యం ‘ఫోర్ ఇన్ వన్’ కార్నెట్. పేరుకి తగ్గట్టే ఒకే కార్నెట్‌ని గొట్టపు ముక్కలు మార్చి నాలుగు శ్రుతుల్లో వాయించవచ్చు, ఇ-ఫ్లాట్, సి, బి-ఫ్లాట్, ఎ. చిన్న ఊరి బ్యాండులో వాయించేవాడు నాలుగు కార్నెట్లు కొనలేడు, ఈ ఒక్కటి కొంటే పని జరుగుతుంది. ఆ ఆలోచన వ్యాపారిది, గొట్టాల కొలతలు డ్యూపాన్‌వి. ఈ కొలతలు తేలిక అనుకోకండి. ఒక శ్రుతికి సరిపోయేలా వాల్వు గొట్టాలు కోస్తే ఇంకో శ్రుతిలో అవే పొట్టివో పొడుగువో అవుతాయి, మొత్తం గొట్టం పెరిగితే వాల్వు గొట్టం కూడా అదే నిష్పత్తిలో పెరగాలి. నేను ఇందాక మీ మూడు చిన్న స్లైడ్లు లాగమన్నది కూడా ఇందుకే. నాలుగింటికీ సర్దుబాటయ్యే చోటు కనిపెట్టడం చెవి ఉన్న పనివాడి పని.

1877 నాటికి కొట్టు వెనక గది చాలలేదు, ఖాళీగా ఉన్న ఫ్యాక్టరీ ఒకటి కొన్నారు. 1879 మార్చికల్లా భాగస్వామ్యం విడిపోయింది. డ్యూపాన్ 1881లో వాషింగ్టన్‌లో చనిపోయాడు. ఆయన పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు? కాన్ పేరున్న మొదటి కార్నెట్ గీసింది ఆయన. నాకు ప్రతిసారీ బాధనిపించే విషయం ఇది.

డ్యూపాన్ వెళ్లాక కాన్ ఆగలేదు. యూరప్ నుంచి పనివాళ్లని రప్పించడం మొదలుపెట్టాడు. ఊళ్లోనే ఉన్న కుర్రాళ్లకి పని నేర్పించాడు. వాళ్లలో ఒకడు ఫెర్డినాండ్ ఆగస్ట్ బుషర్, గస్ అనేవాళ్లు. 1870ల్లోనే చేరి ఫోర్‌మన్ అయ్యాడు. 1880ల చివర్లో గిల్మోర్ అనే పేరున్న బ్యాండ్‌మాస్టర్ బ్యాండులో సాక్సోఫోన్ విద్వాంసుడు లెఫెబ్ర్ దగ్గరున్న ఫ్రెంచి సాక్సోఫోన్‌ని చూసి బుషర్ ఒకటి చేశాడు. అమెరికాలో తయారైన మొదటి సాక్సోఫోన్‌గా చెప్పుకునేది అదే. మళ్లీ బెల్ మీద పేరు కాన్‌ది. కొన్నేళ్లకి బుషర్ బయటికొచ్చి అదే ఊళ్లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు, మార్టిన్ కుటుంబమూ అంతే. ఆ తర్వాత వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకొన్ని పెట్టారు. పాత పటాల్లో చూస్తే ఒకే చిన్న ఊళ్లో వీధికొక వాయిద్యాల కార్ఖానా. వాటిలో చాలావాటి మూలం కాన్ ఫ్యాక్టరీలో ఒక పనిబల్ల.

మధ్యలో 1883 జనవరి 29న, సరిగ్గా ఆయన ముప్పై తొమ్మిదో పుట్టినరోజు నాడు, ఫ్యాక్టరీ కాలి బూడిదైంది. అదే స్థలంలో కొత్తది కట్టాడు. 1886లో కాన్ ఊరు వదిలి మసాచుసెట్స్ వెళ్లిపోతాడని పుకారు లేస్తే ఊరివాళ్లు చందాలు వేసుకుని డబ్బు పోగుచేసి ఆయనకి ఇచ్చారు, వెళ్లకు అని. ఇచ్చినవాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది, వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ ఫ్యాక్టరీ జీతంతో. ఆ మరుసటి ఏడాదే వూస్టర్‌లో ఫిస్క్ కార్ఖానా కొన్నాడు. ఎల్క్‌హార్ట్ వదల్లేదు, రెండు చోట్లా నడిపాడు. అమెరికాలో మంచి పని అంటే ఫిస్క్ పని అనుకునే రోజులవి, ఆ ఊరి పేరు కూడా బెల్ మీద పడితే తూర్పు తీరంలో అమ్మకం తేలికవుతుంది. అందుకే మీ కార్నెట్ మీద ఆ రెండో ఊరు ఉంది.

అమ్మడంలో కూడా గట్టివాడు. ‘వండర్’ అని పేరుపెట్టి కార్నెట్లు వదిలాడు, ‘ట్రంపెట్ నోట్స్’ అని సొంత పత్రిక నడిపి ఊరూరా బ్యాండులకి పంపాడు, జూల్స్ లేవీ లాంటి పేరుమోసిన కార్నెట్ విద్వాంసులు తన వాయిద్యమే వాయిస్తున్నారని చాటుకున్నాడు. 1905 నాటికి ప్రపంచంలోనే అతి పెద్ద వాయిద్యాల ఫ్యాక్టరీ ఆయనదే అయింది.

సూసాఫోన్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దాన్నీ కాన్ ఖాతాలోనే వేస్తుంటారు. పోలీసు బ్యాండులో ఒంటి చుట్టూ చుట్టుకుని తల పైన పెద్ద బెల్ కనిపిస్తుందే, అది. బ్యాండ్‌మాస్టర్ సూసాకి అప్పటిదాకా వాడుతున్న హెలికాన్ (ఇది కూడా ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి వాయిద్యమే) శబ్దం నచ్చలేదు, బెల్ ఆకాశం వైపు ఉంటే శబ్దం బ్యాండు మీద గొడుగులా పరుచుకుంటుందని ఆయన ఆలోచన. మొదటిది ఫిలడెల్ఫియాలో జె.డబ్ల్యు. పెప్పర్ 1895లో చేశాడు. కాన్ ఫ్యాక్టరీలో 1898లో చేశారు, దాని మీద పనిచేసిన చేతులు ఫోర్‌మన్ టెడ్ పౌండర్‌వి. సూసా బ్యాండు వాడుకున్నది కాన్ వాళ్లది, అందుకే జనానికి ఆ పేరే గుర్తుండిపోయింది.

రాజకీయాలు త్వరగా చెప్పేస్తాను, నాకు వాటి మీద అంత ఆసక్తి లేదు. 1880లో ఎల్క్‌హార్ట్ మేయర్, 1889లో రాష్ట్ర శాసనసభ, 1893 నుంచి 1895 దాకా డెమొక్రాట్‌గా వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడు. ఊళ్లో ‘ఎల్క్‌హార్ట్ ట్రూత్’ అనే పత్రిక పెట్టాడు, వాషింగ్టన్‌లో ఇంకో పత్రిక కొన్నాడు. 1898లో రెండు హారన్లున్న గ్రామఫోన్ ఒకటి భాగస్వాములతో తయారుచేయిస్తే, బెర్లినర్ కంపెనీ కేసు వేసి ఆపించింది. ఒకటి పట్టుకుంటే పది పట్టుకునే మనిషి, ఆ అలవాటు చివరికి ఖరీదైంది.

1910 మే 22న ఫ్యాక్టరీ రెండోసారి కాలింది. ఆయన అప్పుడు కాలిఫోర్నియా నుంచి వస్తున్నాడు, రైలు దిగేసరికి వెయ్యి మంది దాకా ఊరిజనం ఎదురుచూస్తున్నారు, ఇక్కడే మళ్లీ కడతానని వాళ్లకి మాటిచ్చాడు. ఆగస్టు 15న పని మొదలైంది, డిసెంబరు 12కల్లా కొత్త ఫ్యాక్టరీ పూర్తిగా నడుస్తోంది. నాలుగు నెలలు! కానీ అప్పులు తీరలేదు. 1915లో కంపెనీని పిండిమిల్లుల వ్యాపారి కార్ల్ గ్రీన్‌లీఫ్ తీసుకున్నాడు. కాన్ లాస్ ఏంజెల్స్ వెళ్లిపోయి 1931 జనవరి 5న అక్కడే పోయాడు, సమాధి మాత్రం ఎల్క్‌హార్ట్‌లోనే ఉంది. కంపెనీ ఎన్ని చేతులు మారినా పేరు పోలేదు, ఇవాళ అదే ఊళ్లో కాన్-సెల్మర్‌గా నడుస్తోంది.

ఇక మీ కార్నెట్ దగ్గరికి. పగటి వెలుగులో బెల్‌ని కిటికీ దగ్గర పట్టుకుని వెనక వైపు చూడండి. పూత పలచబడిన చోట సన్నటి గీత ఒకటి పొడవునా కనిపించవచ్చు, పక్క ఇత్తడి కంటే ఒక ఛాయ పసుపుగా. అది పగులు కాదు, అతుకు. అప్పట్లో బెల్ చేయాలంటే ఇత్తడి రేకుని విసనకర్ర ఆకారంలో కోసి, ఒక అంచుకి పళ్లలాగా కత్తిరింపులు పెట్టి, గుండ్రంగా చుట్టి ఆ పళ్లని రెండో అంచు మీద ఒకటి పైకి ఒకటి కిందికి వేసి, వెలిగారం జల్లి నిప్పు మీద అతికేవాళ్లు. మన కంసాలి వాడే వెలిగారమే. ఆ తర్వాత ఉక్కు అచ్చు మీద వేసి సుత్తితో సాగగొట్టి, మళ్లీ కాల్చి మెత్తబరిచి, మళ్లీ కొట్టి, చివరికి అచ్చుతోపాటు తిప్పుతూ నున్నగా నొక్కేవాళ్లు. వంపుల సంగతి ఇంకా కష్టం, గొట్టంలో కరిగించిన సీసమో గుగ్గిలమో పోసి, గట్టిపడ్డాక వంచి, మళ్లీ కరిగించి తీసేసేవాళ్లు, లేకపోతే గొట్టం నలిగిపోతుంది. మీ బెల్ మీది లతలు, పూలు ఉలితో చేత్తో చెక్కినవి. భూతద్దం పెడితే ఒక్కో ఆకు అంచులో ఉలి అటూ ఇటూ ఊగిన చిన్న చిన్న మెట్లు కనిపిస్తాయి. ఆ చెక్కినవాడి పేరు ఎక్కడా ఉండదు, ఆ మెట్లే ఆయన సంతకం.

అందుకని రుద్దకండి. ఇత్తడి సామాను తోమే పౌడర్లు, చింతపండు, టూత్‌పేస్ట్ ఏవీ వద్దు. వెండి పూత పలచన, రుద్దితే చెక్కుడుతో సహా పోతుంది. నల్లబడింది నల్లబడినట్టే ఉండనివ్వండి, గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. గొట్టం మీద గులాబీ రంగు చుక్కలు కనిపిస్తే ఫొటో పంపండి, అది లోపల్నుంచి జింకు పోతున్న గుర్తు, అక్కడ గోకితే చిల్లు పడుతుంది. రెండో వాల్వు ఇరుక్కుందని రాశారు, పట్టకారుతో లాగొద్దు. కింది మూత తీసి రెండు చుక్కలు వాల్వ్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలెయ్యండి, పొద్దున బొటనవేలితో కిందినుంచి మెల్లగా తోయండి. కదలకపోతే మళ్లీ ఆయిల్, మళ్లీ రాత్రి. నేను వారం రోజులు ఇలా ఆగిన వాల్వులున్నాయి. బయటికొచ్చాక పిస్టన్ మీద 1, 2, 3 అంకెలు ఉంటాయి, దేని గొట్టంలో దాన్నే పెట్టాలి, ఒకదాన్ని ఇంకోదాంట్లో తోస్తే గీరుకుంటాయి, గాలి కూడా పోదు. ఇప్పటి ట్రంపెట్ మౌత్‌పీస్ దీనికి పట్టదు, కాడ లావు. బలవంతంగా దూర్చకండి, మౌత్‌పీస్ కూర్చునే గొట్టం చీలుతుంది.

చివరిగా ఆ గాడి పడిన మౌత్‌పీస్. ఫొటోలో అంచు సరిగ్గా తెలియడం లేదు కాబట్టి మీరే చూసి చెప్పాలి. అరుగుదల అయితే ఒకవైపే లోతుగా ఉంటుంది, పెదవి ఎక్కువ నొక్కినచోట లోహం నున్నగా వాలిపోయి ఉంటుంది. అలా కాకుండా గాడి చుట్టూ ఒకే వెడల్పుతో, ఒకే లోతుతో, లోపలి గోడలు నిటారుగా ఉంటే అది లేత్ మీద కావాలని తీసిన గాడి. అలాంటిదైతే అది రబ్బరు కూర్చునే చోటు. పుల్లతో మెల్లగా అడుగు చూడండి, గట్టిపడి నల్లగా పెచ్చులా ఏదైనా అంటుకుని ఉంటే దాన్ని గీకకండి, కడగకండి, అది పాత రబ్బరు కావచ్చు. పక్కన కాడ మీద పేరుగానీ, పేటెంట్ అనే మాటగానీ, తేదీగానీ ఉందేమో కూడా చూడండి. అంచుని పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కాడని ఒకటి, ఫ్లాష్ లేకుండా మూడు ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.